అరంగుళం

తాను తప్పు చేశానని అహరోనుకు తెలిసింది ఒక మంగళవారం మధ్యాహ్నం. భోజనాల గంట కొట్టారు. ప్యాటర్న్ షాపులో అందరూ డబ్బాలు పట్టుకుని షెడ్డు నీడకు వెళ్ళిపోయారు. అతను మాత్రం బల్ల దగ్గరే నిలబడి చేతిలోని స్కేలును చూస్తున్నాడు.

ఆ తప్పేమిటో తెలియాలంటే ఆ షాపు సంగతి కొంచెం చెప్పాలి.

పటాన్‌చెరు దాటాక బొంబాయి రోడ్డు పక్కన, రోడ్లు తొక్కే రోలర్లు తయారుచేసే కంపెనీ అది. రోలరుకు కావలసిన ఇనుప భాగాలన్నీ అక్కడే పోత పోసేవారు. పోత పోయాలంటే ముందు ఆ భాగాన్ని చెక్కతో చెయ్యాలి, దాన్నే ప్యాటర్న్ అంటారు. ఆ చెక్కను ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి చెక్కను ముందే కాస్త పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క వేస్తూ కూర్చుంటే పని సాగదు. అందుకని ఆ పనికోసమే వేరే స్కేలు ఉంటుంది. దాని మీద అడుగు అని రాసి ఉన్నది అసలు అడుగు కాదు, అడుగు మీద ఒక సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ. షాపులో దాన్ని పోత స్కేలు అనేవారు. ప్రతి బల్ల మీదా మామూలు స్కేలు ఒకటి, పోత స్కేలు ఒకటి ఉండేవి. చూడటానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆ పని చేసినవాడి చెయ్యి, వాడు చూసినా చూడకపోయినా, పోత స్కేలు మీదికే పోతుంది.

అహరోను చెయ్యి కూడా అటే పోయింది. కాకపోతే ఈసారి చేస్తున్నది పోతకు కాదు, బొమ్మకు.

అది డెబ్భై ఒకటో సంవత్సరం. కంపెనీ పెట్టి పదేళ్ళు నిండుతున్నాయని, డిసెంబరులో బొంబాయి నుంచి ఛైర్మన్ వస్తాడని కబురు వచ్చింది. వర్క్స్ మేనేజరుకు ఒక ఆలోచన పుట్టింది. తమ రోలరును ఒక్క భాగం కూడా వదలకుండా చెక్కలో చేయించి ఆయన ముందు పెట్టాలి. అసలు రోలరు పొడవు పదహారు అడుగులు. బొమ్మ నాలుగు అడుగులు, అంటే అడుగుకు మూడు అంగుళాల లెక్క. ఆ పని చెయ్యగల మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు, గులాం మొహమ్మద్. ప్యాటర్న్ షాపుకు పెద్ద మేస్త్రీ. సంగారెడ్డి మనిషి. వాళ్ళ తాతలు జాగీర్దార్లకు టాంగాలు కట్టి ఇచ్చినవాళ్ళు. గోరింటాకు పెట్టిన గడ్డం, చెవి వెనక పెన్సిలు, పూటకు నాలుగు మాటలకు మించని నోరు. షాపంతా ఆయనను ఉస్తాద్ అనేది.

"బొమ్మ బాగా రావాలి మేస్త్రీ. వస్తే కొత్త షెడ్డుకు ఇన్‌ఛార్జి మీరే. కుర్చీ, కంపెనీ క్వార్టరు, అన్నీ," అన్నాడు మేనేజరు అందరూ వింటుండగా.

ముప్ఫై రెండేళ్ళుగా నిలబడి పని చేస్తున్న మనిషి కుర్చీ అన్న మాటకు మురిసిపోతాడా అంటే, మురిసిపోయాడు. ఆ సాయంత్రం బస్సులో పక్కన కూర్చున్న అహరోనుతో, "కుర్సీ మనమే చేస్కుందాం బేటా. కంపెనీ కుర్సీల నాలుగు కాళ్ళు నాలుగు దిక్కులు చూస్తయ్," అన్నాడు. ఉస్తాద్ నోటి నుంచి అంత పొడుగు మాట రావడం అరుదు.

అహరోను ఆయన చేతికింద రెండోవాడు. ఎనిమిదేళ్ళ కిందట ఇస్నాపూర్‌లో ఎడ్లబండ్ల చక్రాలు బాగుచేసుకుంటుంటే, దారిన పోతూ ఆగి ఆ పని చూసి, మర్నాడే వెంటబెట్టుకుని కంపెనీకి తీసుకొచ్చినవాడు ఉస్తాద్. ఉలి ఎట్లా పట్టాలో ఆయనే నేర్పాడు. అన్నేళ్ళయినా అహరోను ఇంకా టెంపరరీయే. ఆరు నెలలకోసారి ఇంటికి పంపి మళ్ళీ పిలిచేవారు. పర్మనెంటు కాగితం ఈ ఏడు వస్తుందని అందరూ అనుకుంటున్నారు. అతని భార్య సుకుమారి మిషన్ స్కూల్లో టీచరు. ప్రతి ఆదివారం చర్చిలో ఆ కాగితం కోసమే ప్రార్థన చేసేది.

బొమ్మకు పైభాగాలన్నీ ఉస్తాద్ సంగారెడ్డిలో తన ఇంట్లో చేశాడు. ఇంజను మూత, నీళ్ళ ట్యాంకు, పైకప్పు, సీటు, స్టీరింగు, అన్నిటికీ నాలుగు నెలలు పట్టింది. చట్రం మాత్రం షాపులో చెయ్యమని అహరోనుకు ఇచ్చాడు.

"అన్నీ దాని మీదనే కూసోవాలె. పునాది నీది," అన్నాడు.

అందుకని స్టోర్సులో ఏళ్ళుగా ఆరబెట్టి ఉంచిన టేకు పలక ఒకటి తీయించాడు. స్టోర్ కీపరు జంగయ్య దాన్ని కన్నబిడ్డను అత్తారింటికి పంపినట్టు పంపాడు. "ఇంకోటి లేదు. ఖరాబైతే మెమో నా చేత్తోనే రాస్త," అని అహరోనును హెచ్చరించాడు. టెంపరరీ వాడికి మెమో అంటే ఇక ఇంటికి పొమ్మనే.

అహరోను పదిహేను రోజులు కష్టపడి చట్రం కోశాడు, చెక్కాడు, కలిపాడు. శనివారం ఉస్తాద్ బల్ల మీద పెట్టాడు. మంగళవారం ఏదో పని మీద స్కేలు అందుకోబోయి, తన చెయ్యి ఎటు పోయిందో చూసి ఆగిపోయాడు. చట్రానికి పట్టిందీ ఆ పోత స్కేలే. నాలుగు అడుగుల మీద నాలుగు సూతులు, అంటే అరంగుళం ఎక్కువ. ఇంకో పలక లేదు. పర్మనెంటు కాగితం ఆఫీసులో ఏదో బల్ల మీద ఉంది.

చెప్పేద్దామనే లేచాడు. ఆ మాట నిజం. ఉస్తాద్ అన్నం మానేసి చట్రాన్ని కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి అంచు వెంబడి చూస్తున్నాడు. పక్కన స్కేలు ఉంది. అది ఏ స్కేలో అహరోను చూడలేదు.

"ఉస్తాద్," అన్నాడు.

ఆయన చట్రాన్ని మెల్లిగా కిందికి దించాడు. అంచు మీద బొటనవేలు ఒకసారి నడిపాడు. ఆ తర్వాత, "సీదా ఉన్నది బేటా. అతుకులు మంచిగ వచ్చినయ్. పో, తిను పో," అన్నాడు.

అహరోను పోయి తిన్నాడు.

ఆ తర్వాత రోజూ భయమే. ఇవాళ ఇంజను మూత తెస్తాడు, చట్రం మీద పెడతాడు, అరంగుళం తేడా బయటపడుతుంది అనుకునేవాడు. వారాలు గడిచాయి. ఉస్తాద్ ఏమీ తేలేదు. ఇంకా నునుపు చెయ్యాలి అనేవాడు. కళ్ళు ఎర్రగా వాచి వచ్చేవాడు. రెండుసార్లు బల్ల మీద తల వాల్చి కునుకు తీశాడు. ఉస్తాద్ పని మధ్య కునుకు తీయడం ఎవరూ చూడలేదు.

"ముసలాయనకు కండ్లు పోతున్నయి," అని అహరోను సుకుమారితో చెప్పాడు. చెబుతుంటే తనకే నమ్మకం కుదిరింది.

ఆగస్టులో పర్మనెంటు కాగితం వచ్చింది. అహరోను షాపంతా మిఠాయి పంచాడు. ఉస్తాద్ లడ్డూ తీసుకుని, సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "చాచీకి," అన్నాడు. చాచీ అంటే ఆయన భార్య తాజున్నీసా. ఆ రోజైనా చెప్పి ఉండవచ్చు. కాగితం చేతికి వచ్చాక మెమో ఇచ్చినా ఉద్యోగం పోదు. అయినా అంత మంచి రోజున చెడ్డ మాట ఎందుకని ఊరుకున్నాడు. పిరికివాడికి ప్రతి రోజూ ఏదో ఒక కారణానికి మంచి రోజే అవుతుంది.

నవంబరులో ఉస్తాద్ సంచుల్లో భాగాలు తేవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ చట్రం మీద పెడుతుంటే అహరోను ఊపిరి బిగబట్టి చూశాడు. ఇంజను మూత కూర్చుంది. ట్యాంకు కూర్చుంది. పైకప్పు నాలుగు కాళ్ళూ నాలుగు బెజ్జాల్లోకి మెత్తగా దిగాయి. వెంట్రుకంత సందు కూడా లేదు. ఎట్లా సరిపోయాయని ఒక ప్యాటర్న్ మేకరు రెండు నిమిషాలు ఆలోచిస్తే తెలిసిపోయేదే. అహరోను ఆలోచించలేదు. ముసలాయన ఎక్కడో చెక్కముక్క దూర్చి సర్దుకుని ఉంటాడు అనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

బొమ్మ అద్భుతంగా వచ్చింది. ఈ మాట చెప్పకపోతే అన్యాయం. స్టీరింగు తిప్పితే ముందు చక్రం తిరిగేది. పనిముట్ల పెట్టె మూత తెరిస్తే లోపల అగ్గిపుల్లంత పానాలు మూడు ఉండేవి. డ్రైవరు సీటు మధ్యలో కొద్దిగా గుంట ఉండేది. అసలు రోలరు సీటు డ్రైవర్లు కూర్చుని కూర్చుని అరిగిన గుంట అది. ఉస్తాద్ దానిమీద కూర్చుని చూసి వచ్చి మరీ చెక్కాడు. మిల్లింగు షాపువాళ్ళు, వంటవాళ్ళు, గేటు దగ్గర పటేల్‌గూడ నుంచి పాలు తెచ్చే ముత్యమ్మ కూడా వచ్చి చూసి పోయారు.

ఛైర్మన్ వచ్చిన రోజు పొద్దున హైదరాబాదు నుంచి లారీలో అద్దాల పెట్టె ఒకటి దిగింది. బొమ్మ మీద మూతలా దించడానికి. అందరినీ ఆశ్చర్యపరుద్దామని మేనేజరు ఎవరికీ చెప్పకుండా చేయించాడు. కొలతలు ఆఫీసులోని డ్రాయింగు నుంచి నేరుగా ఇచ్చాడు. ముందు పావు అంగుళం సందు కూడా వదల్లేదు, వెనక పావు అంగుళం కూడా వదల్లేదు, అంత బిగువుగా ఉంది పెట్టె. దాన్ని చూడగానే ఉస్తాద్ ముఖం పాలిపోవడం అహరోను చూశాడు. ఆయన మేనేజరు దగ్గరికి రెండడుగులు వేశాడు. "సాబ్, ఒక్క మాట..." అంటుండగానే కార్లు గేటులోకి వచ్చేశాయి.

షామియానా కింద చప్పట్ల మధ్య నలుగురు మనుషులు పెట్టెను పైకెత్తి దించారు. ముందువైపు దిగింది. వెనకవైపు అంచు మీద ఆగిపోయింది. "కొంచెం నొక్కండి," అన్నాడు మేనేజరు నవ్వుతూనే. నొక్కారు. పైకప్పు కాలు ఒకటి ఫట్‌మని విరిగింది, స్టీరింగు ఊడి కిందపడింది, ఒక అద్దం పొడుగునా చీలింది.

ఛైర్మన్ పెద్దగా నవ్వాడు. "బొమ్మకే కొలత తప్పితే, రోలరు కొనేవాడికి ఏం చెప్పుకుంటాం?" అన్నాడు ఇంగ్లీషులో. దాన్ని తెలుగులోకి ఎవరూ మార్చి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

మర్నాడు పొద్దున మేనేజరు గదిలో విచారణ. బల్ల మీద టేపు, విరిగిన కాలు. ఉస్తాద్ ముందు నిలబడ్డాడు, డ్రాయింగుల చుట్ట పట్టుకుని అహరోను తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నాలుగు అడుగుల అరంగుళం. ఏ స్కేలు పట్టారు మీరు?" అన్నాడు మేనేజరు.

ఉస్తాద్ ఒకసారి వెనక్కి తిరిగి అహరోను వైపు చూశాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. బస్సు కోసం చూసే మనిషి చూపు అది. అహరోను డ్రాయింగుల చుట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

ఉస్తాద్ మళ్ళీ ముందుకు తిరిగాడు. "పోత స్కేల్ పట్టిన సాబ్," అన్నాడు.

"మొత్తం దానితోనేనా?"

"మొత్తం దానితోనే."

"ముప్ఫై ఏళ్ళ అనుభవం. పోతకూ బొమ్మకూ తేడా తెలియదా మీకు?"

"అలవాటైన చెయ్యి సాబ్. తప్పు నాది, జిమ్మా నాది."

అహరోనుకు ఆ క్షణాన కలిగినది బాధ కాదు. సంతోషం. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఎండలో నడిచి వచ్చినవాడికి చల్లటి నీళ్ళు దొరికినంత సంతోషం. అయితే ఉస్తాద్ కూడా పోత స్కేలే పట్టాడన్నమాట. ఆయన చెయ్యి కూడా తప్పిందన్నమాట. ఇద్దరిదీ ఒకే తప్పయినప్పుడు తనది ప్రత్యేకంగా చెప్పుకోవడం దేనికి? అట్లా అనుకుని, ఆ మాటను పట్టుకుని ఆరేళ్ళు బతికాడు.

ఉస్తాద్‌ను ప్యాటర్న్ షాపు నుంచి తీసేసి ప్యాకింగు షెడ్డులో వేశారు. మామిడి చెక్కలకు మేకులు కొట్టి పెట్టెలు చెయ్యడం అక్కడి పని. అందరూ ఆయనను అరంగుళం ఉస్తాద్ అనడం మొదలుపెట్టారు. మొదట చాటుగా, తర్వాత ముఖం మీదే. ఆరు నెలలకు ఆయనే రాజీనామా రాసిచ్చి సంగారెడ్డి వెళ్ళిపోయాడు. కొత్త షెడ్డుకు ఇన్‌ఛార్జిగా అహరోనును వేశారు. కుర్చీ వచ్చింది. కంపెనీ కుర్చీయే, ఒక కాలు పొట్టి.

సుకుమారికి మాత్రం నిజం చెప్పాడు. ఆమె నిద్రపోతున్న బిడ్డను ఒళ్ళోంచి దించకుండానే, "రేపు పోయి సార్‌కు చెప్పండి," అంది. మర్నాడు అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. క్వార్టరు వచ్చాక ఆమె కూడా అడగడం మానేసింది. అందులో పంపు ఉంది, రెండు గదులున్నాయి.

రెండు రంజాన్‌లకు అహరోను అరటిపండ్లు పట్టుకుని సంగారెడ్డి వెళ్ళాడు. ఉస్తాద్ కూర్చోబెట్టాడు, సేమియా పెట్టించాడు, షాపు సంగతులు అడిగాడు. బొమ్మ మాట ఎత్తలేదు. మంచాల కాళ్ళు చిత్రిక పడుతున్న ఆ చేతులు చూడలేక అహరోను మూడో ఏడు వెళ్ళడం మానుకున్నాడు. డెబ్భై ఆరులో ఉస్తాద్ పోయాడని జంగయ్య చెబితే తెలిసింది. షాపుకు సెలవు ఇవ్వలేదు.

మరుసటి ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. స్టోర్సు తనిఖీ చేస్తుంటే గోనెసంచుల కింద బొమ్మ కనబడింది. "ఇంత మంచి పనిని ఇట్లా పడేశారేమిటి? బాగుచేయించి ఆఫీసు ముందు పెడదాం," అన్నాడు. ఆ పని ఇన్‌ఛార్జి మీద పడింది. విరిగిన కాలుకు జత కలపడానికి ఉస్తాద్ వాడిన చెక్క ఏమైనా మిగిలి ఉంటుందేమోనని అహరోను సంగారెడ్డి వెళ్ళాడు.

తాజున్నీసా గుర్తుపట్టింది. కూర్చోమంది. సంగతి విని లోపలికి వెళ్ళి, సందూక్ పెట్టె ఒకటి ఈడ్చుకొచ్చి అతని ముందు పెట్టింది.

మూత తీస్తే లోపల రోలరు ఉంది. చట్రం ఒక్కటి లేదు. ఇంజను మూత, ట్యాంకు, పైకప్పు, దాని నాలుగు కాళ్ళు, స్టీరింగు, పనిముట్ల పెట్టె. పాత చీరముక్కల్లో ఒక్కొక్కటీ విడిగా చుట్టి ఉంది.

"ఇవేంది చాచీ?"

"ముందు చేసినవి. నాలుగు నెలలు చేసినవి."

అహరోను జేబులోంచి స్కేలు తీశాడు. మామూలు స్కేలు. ట్యాంకు కొలిచాడు, పైకప్పు కొలిచాడు, సీటు కొలిచాడు. డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు, గీత తప్పకుండా సరిపోయాయి. సీటు మధ్యలో ఆ గుంట కూడా ఉంది.

"ఒక మంగళవారం వచ్చి అన్నీ పక్కకు పెట్టిండు," అంది తాజున్నీసా. "మల్ల మొదటికెంచి చెయ్యవట్టె. ఏందయ్యా నీ పాగల్‌తనం అంటే, అహరోన్ చట్రం పెద్దగ చేసిండు, దానికి తగ్గట్టు అన్నీ పెద్దగ చేస్తే ఎవరికి తెల్వది, అన్నడు. పోరని నౌకరి పక్కా కాలే, ఇప్పుడు మెమో ఇస్తే మల్ల బండి చక్రాల కాడికే పోతడు, అన్నడు. ఐదు నెలలు కండ్లు మూయలే."

అహరోను సీటును మళ్ళీ చీరముక్కలో చుట్టాడు.

"నీకు చెప్పలేదా?"

"లేదు చాచీ."

"నౌకరి పక్కా అయినంక నువ్వే చెప్తవనుకున్నడు. సాబ్ అడిగిన్నాడు గూడ చెప్తవనుకున్నడు. ఇగ రంజాన్‌కు వస్తే చెప్పనీకే వచ్చినవనుకున్నడు." ఆమె గొంతులో కోపం లేదు, కళ్ళలో నీళ్ళూ లేవు. లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది. "తీస్కపో వీటిని. పొయ్యిల పెట్టబుద్ధి గాలే, ఇన్ని దినాలు దాచిన."

సందూక్ నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడు. దారి పొడుగునా ఈసారి చెప్పేస్తాను అనుకున్నాడు. ఇప్పుడు చెబితే పోయేది ఏముంది? ఆయన లేడు. పాత మేనేజరు లేడు. ఒక్క పేరు మిగిలింది, దాన్ని కడిగితే చాలు. ఇస్నాపూర్ దాటేసరికి ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాడు.

సందూక్‌లోని కాళ్ళు బొమ్మకు పనికిరాలేదు. కొంచెం పొట్టి అయ్యాయి. అహరోను పోత స్కేలు పట్టుకుని కొత్త కాలు చేశాడు, స్టీరింగు అతికించాడు, లక్క పాలిష్ వేశాడు. కొత్త అద్దాల పెట్టెకు కొలతలు తనే ఇచ్చాడు, అరంగుళం కలిపి. పెట్టె మొదటిసారికే మెత్తగా దిగింది. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"సరిగ్గా కొలిస్తే ఎట్లా ఉంటుందో చూశారా?" అన్నాడు కొత్త మేనేజరు. "కింద ఇత్తడి పలక పెడదాం. ఎవరు చేశారయ్యా దీన్ని?"

"గులాం మొహమ్మద్, సార్. మా ఉస్తాద్."

"ఎవరు, ఆ కొలత తప్పు చేసిన ముసలాయనేనా? ఫైల్లో చూశాను."

అహరోను నోరు తెరిచాడు. చుట్టూ తన షాపువాళ్ళు పదిహేనుమంది ఉన్నారు. అందరూ తన చేతికింద పని నేర్చినవాళ్ళు, అందరూ తనను ఉస్తాద్ అని పిలిచేవాళ్ళు. బస్సులో కూర్చుకున్న మాటలు అన్నీ గుర్తున్నాయి, ఒక్కటీ మరిచిపోలేదు.

"ఔ సార్. ఆయనే," అన్నాడు.

"చెడగొట్టినవాడి పేరు దేనికి? బాగుచేసింది నువ్వు. నీ పేరు వేయిద్దాం."

"మీ ఇష్టం సార్."

వారానికి పలక వచ్చింది. మీద ఇంగ్లీషులో అహరోను పేరు చెక్కి ఉంది. దాన్ని బిగించడం ప్యాటర్న్ షాపు పనే కాబట్టి, అతనే నాలుగు మరలు, స్క్రూడ్రైవరు తెచ్చుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పలక సరిగ్గా మధ్యకు రావాలని రెండుసార్లు కొలిచాడు. ఈసారి జాగ్రత్తగా చూసుకుని మామూలు స్కేలే పట్టాడు.